ఎవరి బ్యాటరీలు వాళ్ళవి

బస్సుల షెడ్డులో అతన్ని అందరూ నిదానం అని పిలిచేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడు మనిషిని బాగా చూసే పెట్టాడు. టీ ఇస్తే చల్లారేదాకా గ్లాసు వైపు చూసి అప్పుడు తాగేవాడు. ఏదైనా అడిగితే, అడిగినవాడు ఆ సంగతి మరిచిపోయి వేరే పనిలో పడ్డాక జవాబు చెప్పేవాడు. "ఈయన్ని పెళ్ళిలో 'నీకు ఇష్టమేనా' అని అడిగితే, పెద్దపిల్ల పుట్టాక 'ఇష్టమే' అన్నాడట" అని డ్రైవర్లు నవ్వుకునేవారు. నిదానం కూడా నవ్వేవాడు, కాకపోతే వాళ్ళు నవ్వడం అయ్యాక.

అతని పనిచోటు షెడ్డు మధ్యలో ఉన్న గొయ్యి. బస్సంత పొడవు, మనిషి నిలబడితే తల బయటికి కనపడనంత లోతు, సిమెంటు గోడలు, రెండు చివరలా మెట్లు. బస్సు వచ్చి దాని మీద నిలబడితే, కింద ఉన్న మనిషి దాని పొట్టంతా చూసి పంపాలి. బ్రేకు గొట్టాలు కారుతున్నాయా, నట్లు వదులయ్యాయా, బస్సు బరువు మోసే కమాను పట్టీలు ఎక్కడైనా విరగబోతున్నాయా అని. బస్సు నెత్తిమీదికి వచ్చాక గోతిలో మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. గోడకి ఒక బల్బు ఉండేది గానీ, దాని వెలుగు దాన్ని అది చూసుకోవడానికే సరిపోయేది. పనంతా చేతిలో టార్చితోనే. అదీ ఎదురుగా వేస్తే లాభం లేదు, ఇనుము ఇనుములాగే కనిపిస్తుంది. పక్కనుంచి ఏటవాలుగా వెయ్యాలి. "పగులు కంటికి ఆనదు, దాని నీడ ఆనుతుంది" అనేవాడు నిదానం మావగారు.

ఆ మావగారే షెడ్డులో అందరికీ పెద్దాయన. నిదానానికి ముందు ఆ గొయ్యి ఆయనది, ఆ టార్చి కూడా ఆయనదే. మోచేతి పొడవు ఇత్తడి టార్చి, మూడు పెద్ద బ్యాటరీలు పడతాయి. వేళ్ళు పట్టుకునే చోట పచ్చగా మెరుస్తూ, మిగతా చోట్ల నల్లబడి ఉండేది.

నిదానం పనిలో చేరిన కొత్తలో పెద్దాయన ఆ టార్చి చేతిలో పెట్టి, "బ్యాటరీలు మార్చు" అన్నాడు. మీకూ నాకూ అయితే అది మూత తిప్పి, పాతవి కుమ్మరించి, కొత్తవి పడేసి, మూత బిగించే పని. నిదానం మూత తీశాడు. తీసినదాన్ని గట్టు మీద పెట్టకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. గొట్టాన్ని కాస్త వంచి, పాత బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి అరచేతిలోకి జార్చుకున్నాడు. మరల్లో పేరుకున్న మురికిని గుడ్డ కొసతో తుడిచాడు. కొత్తవాటిని దబదబా పడెయ్యకుండా, లోపలి బల్బుకి దెబ్బ తగలకుండా, వేలు అడ్డుపెట్టి మెల్లిగా దించాడు. పైన డ్రైవరు హారను మోగిస్తున్నాడు. పెద్దాయన గోడకి ఆనుకుని చూస్తున్నాడు.

నిదానం మూత పెట్టి తిప్పబోతే అప్పుడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందుకి కాదు. మొదట వెనక్కి తిప్పు. మెల్లిగా. ఓ చోట టక్కుమని కూర్చుంటుంది, వేలికి తెలుస్తుంది. అదిగో! ఇప్పుడు ముందుకి తిప్పు. మర తన దారిన తను పోతుంది, ఒకదాన్నొకటి కొరుక్కోవు."

నిదానం తిప్పాడు. వెలుగొచ్చింది. ఇంకాస్త బిగించబోయాడు.

"చాలు. వేలి బిగువు చాలు, చేతి బిగువు వద్దు. తల వైపు మాత్రం ఎప్పుడూ విప్పకు, దుమ్ము దూరితే అద్దం గుడ్డిదైపోతుంది. మూడూ ఒకేసారి మార్చు. రెండు కొత్తవాటి మధ్య ఒక ముసలిదాన్ని పెట్టావంటే ఆ రెంటినీ ముసలివాటిని చేసి కూర్చుంటుంది. ఇంకో మాట విను. అవసరం లేకుండా మూత తియ్యకు. తిప్పిన ప్రతిసారీ దాని ఆయుష్షు గోరంత పోతుంది."

పైన డ్రైవరు గొంతు చించుకున్నాడు. "ఏం చేస్తున్నారయ్యా కింద? పెళ్ళి చేస్తున్నారా?"

"చేద్దామనే చూస్తున్నా" అన్నాడు పెద్దాయన.

అన్నంత పనీ చేశాడు. కుర్రాడికి ఆస్తి ఏముందని అడగలేదు, చదువు అడగలేదు. "మూత తిప్పడం చూశాను, చాలు" అని కూతురికి చెప్పాడట. ఆవిడ ఆ సంబంధం ఎందుకు ఒప్పుకుందో ఆవిడకే తెలియాలి. ఇప్పటికీ అడిగితే, "టార్చికి మొగుణ్ణి చూశాడు మా నాన్న, మధ్యలో నేను వచ్చాను" అంటుంది.

ఆమెకి ఒక తమ్ముడు. వాళ్ళ అమ్మ వాడి చిన్నప్పుడే పోతే, అన్నం కలిపి నోట్లో పెట్టిన దగ్గర్నుంచి వాడికి అన్నీ అక్కే. పెద్దయ్యాక వాడూ గోతి పనికే వచ్చాడు. వాడికి షెడ్డు పెట్టిన పేరు చిటపట. ఆ పేరుకి వివరణ అక్కర్లేదు. పని చురుగ్గా చేసేవాడు, మాట అంతకంటే చురుగ్గా వచ్చేది, కోపం మాటకంటే ముందు వచ్చేది. బావకీ బావమరిదికీ నడకలో పొంతన లేదు, మాటలో లేదు, తిండిలో లేదు. ఒక్క టార్చి దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే తల్లి కడుపున పుట్టినట్టుండేవారు. గొట్టం వంచడం, వేలు అడ్డుపెట్టడం, వెనక్కి తిప్పి టక్కుమన్నాక ముందుకి తిప్పడం అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకటే.

పెద్దాయన పని మానేసిన రోజు టార్చిని గోతి గోడకున్న మేకుకి తగిలించి, "ఇది ఇద్దరిదీ" అన్నాడు. పొద్దుటి డ్యూటీ నిదానానిది, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా చిటపటది. ఇద్దరిదీ అంటే ఎలా ఇద్దరిదో ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. మరుసటేడే పోయాడు.

ఆయన పోయాక కొన్నాళ్ళు బాగానే సాగింది. ఒకనాడు పొద్దుటి డ్యూటీ చివర్లో నిదానం బ్రేకు గొట్టం మీద వెలుగు వేసి చూస్తే, వెలుగు పచ్చబడి కనిపించింది. కొత్త బ్యాటరీలు పక్కనే గూట్లో ఉన్నాయి. చెయ్యి చాపితే అందుతాయి. "ఇంకో పూట లాగుతుందిలే, ఊరికే మూత తియ్యడం ఎందుకు" అనుకున్నాడు. బ్యాటరీలు మిగుల్చుకుందామని కాదు. టార్చికి ఓ తిప్పు మిగులుద్దామని. అలాగే మేకుకి తగిలించి ఇంటికెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఒక బస్సు బయల్దేరే తొందరలో ఉంది. మేనేజరు పైనుంచి కేకలు వేస్తున్నాడు. చిటపట కింద ఆ టార్చి గుడ్డి వెలుగులో వెనక చక్రం దగ్గర కారుతున్న చుక్కలు చూడలేకపోయాడు. బస్సు పై వీధి మలుపు దాకా వెళ్ళింది, అక్కడ బ్రేకు తొక్కితే కాలు కిందికి దిగిపోయింది. డ్రైవరు పాతకాపు కాబట్టి గేరులో ఆపి, మెల్లిగా వెనక్కి తెచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మేనేజరు అందరి ముందూ, "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నాడు. చిటపట ఆ మాట మింగలేక, కక్కలేక, డ్యూటీ దిగి నేరుగా అక్క ఇంటికి వచ్చాడు.

"చచ్చిన బ్యాటరీలు నాకు అంటగట్టి నువ్వు మంచివాడివి అనిపించుకుంటావా బావా? ఇలా పైసా పైసా మిగిల్చి ఏం మేడలు కడతావు?" అని వరండాలో నిలబడి అరిచాడు.

పిసినారితనం అన్న నింద ఒట్టి అబద్ధం. అసలు సంగతి వేరే ఉంది, అది చెప్పి ఉంటే సరిపోయేది. నిదానం జవాబు వెతుక్కునేసరికి చిటపట వీధి చివర మలుపు తిరిగిపోయాడు. నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట మంచి మాటగానే మిగలదు. రాత్రంతా పులిసి, తెల్లారేసరికి, "నువ్వు టీ తాగుతూ టార్చి వెలిగించి గట్టు మీద వదిలేస్తావు. నీ నిర్వాకం నా నెత్తిన రుద్దకు" అన్న మాటగా బయటికొచ్చింది. అందులో నిజం ఆవగింజంత. అది నిదానానికీ తెలుసు.

"అలాగా? అయితే ఈ రోజు నుంచి ఎవరి బ్యాటరీలు వాళ్ళవి!" అన్నాడు చిటపట.

"సరే" అన్నాడు నిదానం. జీవితంలో అతను అంత గబుక్కున ఇచ్చిన జవాబు అదొక్కటే.

అలా చిలికి చిలికి గాలివాన అయింది. డ్యూటీ ఎక్కగానే నిదానం మూత తీసి, తన బ్యాటరీలు వేసి, మూత పెడతాడు. దిగేముందు మూత తీసి, బ్యాటరీలు తీసుకుని, మూత పెట్టి, ఉత్త టార్చిని మేకుకి తగిలిస్తాడు. చిటపట వచ్చి మళ్ళీ అంతా చేస్తాడు. ఒకరివి ఒకరివాటిలో కలవకుండా పెయింటు చుక్కలు కూడా పెట్టుకున్నారు. నిదానంవి నీలం చుక్క, చిటపటవి ఎర్ర చుక్క. మూత తిప్పితే ఆయుష్షు పోతుందన్న పెద్దాయన మాట ఇద్దరికీ కంఠతా వచ్చు. దాన్ని తలుచుకుంటూనే, ఎంతో జాగ్రత్తగా, వెనక్కి తిప్పి టక్కుమన్నాక ముందుకి తిప్పుతూ, ఇద్దరూ కలిసి రోజుకి నాలుగుసార్లు ఆ మూత తీశారు. మొండితనానికి శ్రద్ధ తోడైతే ఇలాగే ఉంటుంది.

చెరో టార్చి కొనుక్కోవచ్చుగా అని మీరు అడగొచ్చు. వాళ్ళకీ తట్టకపోలేదు. కానీ కొత్తది కొనుక్కున్నవాడు పెద్దాయన టార్చిని రెండోవాడికి వదిలేసినట్టే. ప్రాణం పోయినా ఇద్దరిలో ఎవరూ వదలరు.

మాటలు పూర్తిగా ఆగిపోయాయి. నిదానం గోతిలోంచి ఈ చివర మెట్లెక్కుతుంటే చిటపట ఆ చివర మెట్లు దిగేవాడు. ఏడాది దాటింది. చిటపట ఉండే గది రెండు వీధుల అవతలే. అయినా అక్క ఇంటి ముందునుంచి వెళ్ళాల్సి వస్తుందని చుట్టుదారిన వెళ్ళేవాడు. ఎప్పుడైనా మార్కెట్లో ఎదురుపడితే, "బాగున్నావా అక్కా?" అని ఆగకుండా వెళ్ళిపోయేవాడు.

"చొక్కాకి మెడ దగ్గర గుండీ లేదు వాడికి" అంది ఆమె ఓ రోజు, మొగుడికి అన్నం వడ్డిస్తూ. "ఇలా ఇవ్వరా, కుట్టి ఇస్తానంటే, పర్లేదులే అన్నాడు. గుండీ ఊడితే పర్లేదనే రకమా వాడు? నేను పెంచినవాడు!"

నిదానం తలొంచుకుని తింటున్నాడు.

"మా నాన్న టార్చి రోజూ మా తమ్ముడి చేతిలోంచి మీ చేతిలోకి వస్తోంది. నాకంటే దానికే నయం" అందామె. అతను కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

టార్చి మొరాయించడం మొదలైంది ఆ తర్వాతే. మూత తీసినప్పుడు వేలికి నల్లటి ఇత్తడి పొడి అంటుకునేది. మూత బిగించాక కూడా అటూ ఇటూ ఊగేది. పని మధ్యలో వెలుగు రెప్ప వేసినట్టు ఆరి మళ్ళీ వెలిగేది. నిదానం నీళ్ళ గొట్టాలకి చుట్టే తెల్ల టేపు తెచ్చి మరలకి చుట్టాడు. మూత గట్టిగా కూర్చుంది గానీ వెలుగు అసలు రాలేదు. ఎలా వస్తుంది, కరెంటు నడిచేదే ఆ మరల మీదుగా అయితే! టేపు పీకేసి, బిస్కెట్ల పొట్లంలోని వెండి కాగితం సన్నగా చింపి చుట్టాడు. వెలుగొచ్చింది. రెండ్రోజులకి ఆ కాగితం చిరిగిపోయింది. మర్నాడు పొద్దున్న ఇంకో ముక్క తెచ్చుకుని మూత తీసి చూస్తే, అక్కడ అప్పటికే కొత్త కాగితం చుట్టి ఉంది. తను చుట్టినదానికంటే నున్నగా, అంచు మడతపెట్టి మరీ.

అది ఎవరు చుట్టారో అడగక్కర్లేదు. నిదానం చాలాసేపు ఆ మడతను చూస్తూ నిలబడ్డాడు. మూత పెట్టేటప్పుడు ఆ కాగితం చిరగకుండా ఊపిరి బిగబట్టి పెట్టాడు.

షెడ్డుకి సెలవు రోజున టార్చిని గుడ్డలో చుట్టుకుని, మరలు కోసే లేతు మిషను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన మూత విప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, గొట్టం అంచుని గోటితో గీరి చూశాడు.

"మేస్త్రీ, దీన్ని రోజూ ఎందుకు విప్పుతున్నావు?"

నిదానం చెప్పాడు. తన పద్ధతిలో చెప్పాడు కాబట్టి అది చాలాసేపు పట్టింది. ఎర్ర చుక్కలు, నీలం చుక్కల దగ్గరికి వచ్చేసరికి లేతు ఆయన పడీ పడీ నవ్వాడు. ఆఖరికి వచ్చేసరికి నవ్వు ఆపేశాడు.

"కొత్త మరలు కొయ్యలేవా?" అని అడిగాడు నిదానం.

"కొయ్యడానికి ఇత్తడి ఉండాలిగా. గొట్టం అప్పడంలా అయిపోయింది. ఇంకా కోస్తే కన్నం పడుతుంది. ఇలాగే రోజూ విప్పావంటే నెల కూడా రాదు. బ్యాటరీలు అయిపోయినప్పుడే విప్పావంటే నీ మనవలు కూడా వాడతారు."

"మరి దీనికి మందు?"

"నా దగ్గర లేదు. మూత ముట్టుకోకపోవడమే దీనికి మందు."

ఇంటికి నడిచొస్తుంటే నిదానానికి భయం వేసింది. టార్చి పోతుందని కాదు, పోయాక ఏమవుతుందో తలుచుకుని. చిటపట ఓ ప్లాస్టిక్ టార్చి కొనుక్కుంటాడు. తనూ ఒకటి కొనుక్కుంటాడు. ఇక తన చేతిలోంచి వాడి చేతిలోకి, వాడి చేతిలోంచి తన చేతిలోకి వెళ్ళే వస్తువంటూ ఏదీ ఉండదు. అప్పుడిక ఇంటి ఇల్లాలికి తమ్ముడు మార్కెట్లో కనిపించే మనిషే. మావగారు పోయిన రోజు కూడా అతనికి ఇంత దిగులు వెయ్యలేదు.

మర్నాడు మూడు కొత్త బ్యాటరీలు కొని, నీలం చుక్కలు పెట్టి, టార్చిలో వేసి పని చేసుకున్నాడు. దిగేటప్పుడు తియ్యలేదు. బ్యాటరీలతో సహా మేకుకి తగిలించి, బరువు దిగినట్టు ఇంటికెళ్ళాడు. ఇంతకంటే ఇంకేం చెయ్యాలి ఏ మనిషైనా?

తెల్లారి వచ్చి చూస్తే టార్చి ఉత్తది. మూడు బ్యాటరీలూ గట్టు మీద గుడ్డలో చుట్టి ఉన్నాయి, నీలం చుక్కలు పైకి కనపడేలా. నిదానానికి ఒళ్ళు మండింది. ఆ రోజు బస్సులన్నీ అతని నోట తిట్లు తిన్నాయి. చెప్పొద్దూ, అతని నోట తిట్లు వినడం బస్సులకి కూడా అదే మొదలు.

"ఇంటికి పిలిచి పీట వేస్తే, పీట విసిరికొట్టాడు నీ తమ్ముడు" అన్నాడు ఇంటికొచ్చి.

జరిగిందంతా ఆమె విన్నది. "మీరు వాడికేమైనా చెప్పారా?"

"చెప్పడమెందుకు? లోపల కొత్తవి పెట్టాగా!"

"బ్యాటరీ మొహం చూసి అది కొత్తదో చచ్చిందో ఎవరు చెప్తారు? వాడికి మీరు అప్పుడూ లోపలే పెట్టి వదిలారు, ఇప్పుడూ లోపలే పెట్టి వదిలారు. అప్పుడు తిన్న దెబ్బ వాడు మరిచిపోతాడా? అసలు ఆ రోజు సంగతి మీకు తెలుసా? అవి అయిపోవచ్చాయని?"

ఏడాదిగా ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. అందరూ నిందే వేశారు, లేదా వెనకేసుకొచ్చారు. నిదానం చెంబెడు నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టాడు.

"తెలుసు. వెలుగు పచ్చబడింది. మూత తియ్యడం ఇష్టంలేక వదిలేశాను."

"మరి ఆ మాట నాకెందుకు చెప్పడం? నేనేమైనా గోతిలోకి దిగుతానా?" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు నిదానం పొద్దుటినుంచీ బస్సు వెనక బస్సు చూస్తూ, చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాడు. గంట కొట్టాక బ్యాటరీలు తియ్యలేదు. టార్చి చేత్తో పట్టుకుని, తను ఎక్కే మెట్ల వైపు కాకుండా రెండో చివరికి నడిచి, ఆ మెట్ల కింద నిలబడ్డాడు. పైన ఓ బస్సు అప్పుడే వచ్చి ఆగింది. ఇంజను వేడికి ఎక్కడో టిక్కుటిక్కుమంటోంది. మెట్ల మీద మొదట బూట్లు, తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాత గుండీ లేని చొక్కా దిగొచ్చాయి. చిటపట ఎదురుగా బావని చూసి ఆగిపోయాడు.

"తప్పుకో, పనుంది" అన్నాడు. మనిషిని చూసి అనలేదు, గోడని చూసి అన్నాడు.

"ఆ రోజు..." అన్నాడు నిదానం. పేర్చుకున్న మాటలన్నీ కూలిపోయాయి. చేతికందినవి చెప్పాడు. "ఆ రోజు వెలుగు పచ్చబడింది. నేను చూశాను. కొత్తవి గూట్లోనే ఉన్నాయి. మార్చలేదు. తప్పు నాది."

అడగకముందే సమాధానం చెప్పే మనిషి చిటపట. అలాంటివాడు ఈసారి తనే ప్రశ్న వేశాడు.

"ఎందుకు మార్చలేదు?"

"మూత తియ్యాల్సి వస్తుందని."

"మిగుల్చుకోడానికి కాదా?"

"కాదు."

"టార్చి అరుగుతుందనా?"

"ఊఁ."

"మా నాన్న చెప్పాడనా?"

"ఊఁ."

చిటపట మెట్టు మీద కూర్చుండిపోయాడు. పైనుంచి నూనె చుక్క ఒకటి అతని పక్కన రాలింది. అతను దాన్ని చూడలేదు.

"అవసరం లేకుండా తియ్యొద్దన్నాడు నాన్న. అవసరమైతే తియ్యమనేగా దానర్థం, బావా!" అన్నాడు. గొంతులో కోపం ఉంది, కానీ ఏడాదినాటిది కాదు. చిన్నప్పుడు అక్క అన్నం ఆలస్యంగా పెడితే వచ్చే కోపంలాంటిది.

బావా అన్న ఆ పిలుపు ఏడాది తర్వాత నిదానం చెవిన పడింది. అతను టార్చి చాపాడు.

"ఇందులో కొత్తవి ఉన్నాయి. మొన్నటివే, మూడు పూటలే వాడాను. లేతు ఆయనకి చూపించాను. ఇంక రోజూ విప్పితే నిలవదన్నాడు. ఇలాగే వాడు. ఇలాగే తగిలించు."

చిటపట టార్చి అందుకున్నాడు. మూత మీద బొటనవేలితో ఓసారి రాసి చూశాడు. ఔననలేదు, కాదనలేదు. "సరే గానీ పక్కకి జరుగు, బస్సుకి టైమవుతోంది" అని లేచి కిందికి దూరాడు. నిదానం ఆ పూట వాడు దిగిన మెట్లే ఎక్కి బయటికొచ్చాడు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. వాడు పంతం పట్టాడంటే తెల్లారేసరికి బ్యాటరీలు మళ్ళీ గుడ్డలో ఉంటాయి. ఈసారి అలా అయితే ఇక చెప్పడానికి మాట కూడా మిగల్లేదు.

పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి మెట్లు దిగాడు. ముందు గట్టు వైపు చూశాడు. గట్టు మీద ఏమీ లేదు. మేకుకి టార్చి వేలాడుతోంది. చేతిలోకి తీసుకున్నాడు. ఏడాదిగా రోజూ పొద్దున్న ఉత్త టార్చి ఎత్తిన చెయ్యి అది, ఒక్కసారి కిందికి వాలింది. బరువుంది. నొక్కాడు. ఎదుటి గోడ మీద తెల్లటి వెలుగు పడింది.

అప్పుడు మనసులో చిన్న పురుగు కదిలింది. లోపల ఉన్నవి ఎవరివి? తను పెట్టినవే వాడి, అలాగే వదిలాడా? లేక నీ సొమ్ము నాకెందుకని నీలం చుక్కలవి తీసేసి, ఎర్ర చుక్కలవి వేసి, ఇప్పుడు నావి నువ్వు వాడమంటున్నాడా? చిటపట ఆ రెండోది కూడా చెయ్యగలడు. గూట్లోకి చూస్తే తెలియొచ్చు, వాణ్ణి అడిగితే తెలియొచ్చు, అన్నిటికంటే తేలిక, మూత ఓసారి తిప్పితే చాలు. అలవాటు కొద్దీ వేళ్ళు మూత మీదికి వెళ్ళాయి కూడా. వేళ్ళు అక్కడే ఆగాయి. నిదానం వాటిని తీసేసి, బస్సు కిందికి నడిచి, కమాను పట్టీల మీద వెలుగు ఏటవాలుగా వేసి పని మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది.

"టార్చిలో బ్యాటరీలు ఉన్నాయి" అన్నాడు, చెప్పులు విప్పకుండానే.

"ఎవరివి?"

"తెలీదు" అన్నాడు. ఆమె మాట పూర్తి కాకముందే వచ్చింది ఆ జవాబు. "మూత తియ్యలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. లోపలికి వెళ్ళి, అటక మీది గుండీల డబ్బా దించి, తెల్లదొకటి వెతికి పట్టుకుంది. సూదిలో దారం ఎక్కించింది. ఆ సూదిని కొంగుకి గుచ్చుకుని, తమ్ముడు డ్యూటీ దిగడానికి ఇంకా చాలా పొద్దు ఉండగానే, వచ్చి వీధి గుమ్మంలో కూర్చుంది.